జబ్బు చేసిన చెట్టుకప్పకు ముందు నీళ్లు, తర్వాతే మందు

ఎవరో పెంచలేక వదిలేసిన చెట్టుకప్ప చేతికొస్తే చాలామంది మొదట చేసే పని దాని ముందు పురుగులు వేయడం. బక్కచిక్కి, కళ్లు లోపలికి పోయిన ప్రాణిని చూస్తే ఎవరికైనా దాని ఆకలే గుర్తొస్తుంది. కానీ ఒంట్లో నీరు తగ్గి, ఒళ్లు చల్లబడిన కప్పకు పేగులు సరిగా కదలవు. మింగిన పురుగు అరక్క కడుపులోనే కుళ్లుతుంది. రెండు రోజులకు పొట్ట ఉబ్బి చనిపోతే, జబ్బుతోనే వచ్చింది కాబట్టి పోయిందనుకుంటాం. కప్పల విషయంలో ఏం చేశామన్నది ఎంత ముఖ్యమో, ఏ వరుసలో చేశామన్నదీ అంతే ముఖ్యం. ముందు నీరు, ఆ వెంటే తగిన వెచ్చదనం, తర్వాత జబ్బేమిటో తేల్చుకోవడం. తిండి మాట ఆ తర్వాతే.

చర్మమే దాని నోరు

కప్ప నోటితో నీళ్లు తాగదు. పొత్తికడుపు దగ్గర, తొడల అడుగున ఉండే పలచని చర్మంతో పీల్చుకుంటుంది. తడి ఆకు మీద పొట్ట ఆనించి కూర్చుందంటే నీళ్లు తాగుతున్నట్టే. ఊపిరిలో కొంత భాగం, సోడియం, పొటాషియం వంటి లవణాల రాకపోకలు కూడా ఈ చర్మం గుండానే సాగుతాయి. అందుకే మన చేతికి అంటిన సబ్బు, శానిటైజర్, దోమల మందు, క్రీము ఏదైనా సరే, కప్ప ఒంటికి తగిలిందంటే ఒంట్లోకి చేరినట్టే లెక్క.

పట్టుకోక తప్పనప్పుడు పౌడరు లేని నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, వాటిని క్లోరిన్ లేని నీళ్లతో కడిగి, తడి ఆరకముందే పట్టుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే చర్మం మీది జిగురు పొర ఊడిపోతుంది. సూక్ష్మజీవులను ఆపే మొదటి గోడ అదే. ఒక కప్ప దగ్గర్నుంచి మరో కప్ప దగ్గరికి వెళ్లేముందు గ్లవ్స్ మార్చాలి. కప్పలు సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తుంటాయి కాబట్టి పని అయ్యాక చేతులు కడుక్కోవడం మన కోసం. అసలే నీరసించిన కప్పను గంటకోసారి పట్టుకుని చూడటం మాత్రం మూలిగే నక్క మీద తాటిపండు పడేయడమే. రోజుకు ఒకటి రెండు సార్లు చాలు. మిగతా సమయం డబ్బా బయటినుంచి చూడండి.

ఆసుపత్రి డబ్బా

అందమైన మొక్కలున్న గాజు తొట్టి జబ్బు కప్పకు పనికిరాదు. 10 నుంచి 15 లీటర్లు పట్టే, మూతున్న ప్లాస్టిక్ డబ్బా చాలు. గాలికి రంధ్రాలు లోపలినుంచి బయటికి పొడవాలి. బయటినుంచి పొడిస్తే లోపలివైపు మొనలు తేలి కప్ప మూతికి గీసుకుంటాయి. అడుగున రంగు, వాసన, బ్లీచింగ్ లేని పేపర్ టవల్ రెండు మూడు పొరలు తడిపి పరవాలి. దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క, రెండు ప్లాస్టిక్ ఆకులు పెడితే సరిపోతుంది. మట్టి, కొబ్బరి పీచు, నాచు వద్దు. అవి గాయాలకు అంటుకుంటాయి, తిండితోపాటు కడుపులోకి పోతాయి, అన్నిటికంటే ముఖ్యంగా మలాన్ని మన కంటపడనివ్వవు. కాగితం మీదైతే మలం ఎప్పుడు పడింది, రంగేమిటి, రక్తం ఉందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. కాగితం రోజూ మార్చాలి.

చెట్టుకప్పే కదా అని ఎత్తైన డబ్బా ఎంచుకోకండి. పట్టు తప్పిన కప్ప గోడమీంచి పడుతుంది. ఎముకలు మెత్తబడి ఉంటే ఆ దెబ్బకే విరుగుతాయి. 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది.

పెంపుడు చెట్టుకప్పల్లో ఎక్కువ జాతులకు 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ సౌకర్యం. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లావుపాటి పచ్చ కప్ప, వైట్స్ చెట్టుకప్పకు పగలు 28 దాకా ఫర్వాలేదు. హీట్ మ్యాట్ వాడితే డబ్బా అడుగున కాకుండా పక్క గోడకు బయటివైపు, థర్మోస్టాట్‌తో అమర్చాలి. నీరసించిన కప్ప అడుగునే పడి ఉంటుంది. కింద వేడి పెడితే తప్పించుకునే ఓపిక లేక అక్కడే ఎండిపోతుంది.

ఏ నీళ్లు, ఎంత ఉప్పు

కుళాయి నీళ్లలో క్లోరిన్ మాత్రమే ఉంటే వెడల్పాటి పాత్రలో 24 గంటలు తెరిచి ఉంచితే పోతుంది. క్లోరమైన్ కలిపిన నీళ్లయితే అలా పోదు. అక్వేరియంలకు వాడే డీక్లోరినేటర్‌ను సీసా మీద రాసిన మోతాదులో కలపాల్సిందే. మీ నీళ్లలో ఏది ఉందో తెలియకపోతే రెండోదే ఉందనుకోండి.

డిస్టిల్డ్ నీళ్లు శుద్ధమైనవి కదా అని వాడేవాళ్లున్నారు. వాటిలో లవణాలుండవు. ఆరోగ్యంగా ఉన్న కప్ప మూత్రపిండాలు ఆ తేడాను కొంతవరకు సర్దుకుంటాయి. జబ్బు కప్పలో నీరు లోపలికి తోసుకొస్తుంది, ఉన్న కాస్త ఉప్పూ బయటికి జారిపోతుంది, ఒళ్లు ఇంకా ఉబ్బుతుంది.

ఒంట్లో నీరు తగ్గితే చర్మం వేలికి బంకగా తగులుతుంది, కళ్లు గుంటలు పడతాయి, పక్కల చర్మం ముడత పడి అలాగే నిలబడుతుంది, నోట్లో జిగురు తీగలు సాగుతుంది. ఇలాంటి కప్పను శుభ్రమైన, క్లోరిన్ లేని నీళ్లలో 30 నుంచి 60 నిమిషాలు కూర్చోబెట్టాలి. నీళ్ల లోతు దాని గడ్డం కిందికే ఉండాలి. చెట్టుకప్పలు గొప్ప ఈతగాళ్లేమీ కావు, నీరసిస్తే రెండంగుళాల నీళ్లలోనూ మునిగిపోతాయి. కాబట్టి పక్కనే ఉండాలి. మన చేతికి గోరువెచ్చగా తగిలితే కప్పకు వేడెక్కువైనట్టే, థర్మామీటర్ వాడండి. మొదటి రెండు రోజులు ఉదయం, సాయంత్రం ఒక్కోసారి చేస్తే చాలా కప్పలు తేరుకుని కళ్లు నిలబెడతాయి.

ఒళ్లు ఉబ్బిన కప్పకు ఇదే స్నానం చేటు. దాని ఒంట్లో ఇప్పటికే నీరు ఎక్కువైంది. ఇంకా లోపలికి పోకుండా ఉండాలంటే స్నానపు నీటిలోని ఉప్పు దాని రక్తంలోని ఉప్పుతో సమంగా ఉండాలి. కప్పల రింగర్ ద్రావణం అందుకే. ఒక లీటరు నీటిలో సోడియం క్లోరైడ్ 6.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.15, కాల్షియం క్లోరైడ్ 0.15, వంట సోడా అనే సోడియం బైకార్బొనేట్ 0.2 గ్రాములు కలుపుతారు. 0.15 గ్రాములను వంటింటి త్రాసు తూచలేదు. పది లీటర్లకు సరిపడా పొడులు ఒకేసారి తూచి కలుపుకోవచ్చు, లేదా పశువైద్యుల దగ్గర తయారుగా తీసుకోవచ్చు. ఏదీ దొరక్కపోతే మనుషులకెక్కించే 0.9 శాతం సెలైన్‌ను రెండు పాళ్లు తీసుకుని ఒక పాలు నీళ్లు కలిపితే 0.6 శాతం అవుతుంది. ఆ ఉప్పు స్థాయి కప్పకు సరిపోతుంది. నేరుగా 0.9 శాతం వాడితే కప్ప ఒంట్లోంచి నీరు లాగేస్తుంది. స్పోర్ట్స్ డ్రింకు పలచన చేసి వాడమనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. దానిలోని చక్కెర బ్యాక్టీరియాకు విందు, వద్దు.

కప్పల తక్కెడ

ఆ మాట ఊరికే పుట్టలేదు. ఒకటి ఎక్కితే ఇంకొకటి దూకుతుంది. చిన్న మూత డబ్బాను 0.1 గ్రాము దాకా చూపే త్రాసు మీద పెట్టి సున్నా చేసి, కప్పను అందులో ఉంచి తూచండి. రోజూ ఒకే సమయానికి తూచి రాసుకోవాలి. ఒక్కరోజు అంకెను నమ్మొద్దు. కప్ప మూత్రాశయం నీళ్ల ట్యాంకులాంటిది. భయపడి ఒక్కసారి ఖాళీ చేసిందంటే బరువు గణనీయంగా తగ్గుతుంది. నాలుగైదు రోజుల వరుస చూస్తేనే కప్ప చిక్కుతోందా, కోలుకుంటోందా తెలుస్తుంది.

ఈ అంకె లేకుండా మందు లెక్క కుదరదు. 30 గ్రాముల కప్పకు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ రాశారనుకోండి. ఇవ్వాల్సింది 0.3 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములున్న సీసా నుంచైతే అది 0.003 మిల్లీలీటరు. 1 మిల్లీలీటరు సిరంజిలో అతి చిన్న గీతే 0.01. అంటే 'ఒక్క చుక్క' వేశామనుకున్నా మోతాదు ఎన్నో రెట్లు దాటిపోతుంది. అందుకే ముందు మందును పలచన చేయాలి, ఎంత పలచన చేయాలో ఉభయచరాలు తెలిసిన వైద్యులే చెప్పాలి.

ఒకే లక్షణం, వేర్వేరు జబ్బులు

అసలు చిక్కంతా ఇక్కడే. కప్పకు జబ్బును చూపించే దారులు కొన్నే ఉన్నాయి: తినడం మానేయడం, పగలంతా కళ్లు తెరిచి బయటే కూర్చోవడం, నీటి గిన్నెలోంచి కదలకపోవడం, రంగు మాడిపోవడం. ఈ నాలుగిటి వెనుక నలభై కారణాలు ఉండొచ్చు.

తొడల లోపలివైపు, పొట్ట కింద ఎర్రబడితే 'రెడ్ లెగ్' అంటారు. అది జబ్బు పేరు కాదు, ఒక గుర్తు మాత్రమే. ఏరోమొనాస్ వంటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరినా, రానావైరస్ సోకినా, చర్మం రాపిడికి గురైనా అలాగే కనిపిస్తుంది. మొదటిదానికి యాంటీబయోటిక్ పనిచేస్తుంది, రెండోదానికి చేయదు. ఎర్రదనంతోపాటు కప్ప చలాకీతనం పోతే మర్నాటిదాకా ఆగకూడదు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఒకటి రెండు రోజుల్లోనే చంపగలదు.

ఒళ్లు ఉబ్బడానికీ అంతే. చర్మం కింద నీరు పడితే కప్ప నీళ్ల బెలూన్‌లా, వేలితో తాకితే జెల్లీలా ఉంటుంది. మూత్రపిండాలు, గుండె, ఇన్‌ఫెక్షన్, లవణాలు లేని నీళ్లు, ఏదైనా కారణం కావచ్చు. గాలి పడితే ఒకవైపు తేలుతుంది. గుడ్లున్న ఆడకప్ప పక్కలకు ఎత్తుపల్లాలుగా ఉబ్బుతుంది గానీ హుషారుగానే ఉంటుంది. వైట్స్ చెట్టుకప్పకు కళ్ల మీద కొవ్వు మడతలు వేలాడుతుంటే అది తిండెక్కువై వచ్చిన బరువు.

అన్నిటికన్నా భయపడాల్సింది కైట్రిడ్ ఫంగస్‌కు. 1999లో కొత్త జాతిగా నమోదైన ఈ ఫంగస్ చర్మం పై పొరలో కాపురం పెడుతుంది. చర్మ వ్యాధి గుండెనెలా ఆపుతుందన్నది చాలాకాలం అంతుపట్టలేదు. వైట్స్ చెట్టుకప్పల మీద చేసిన పరిశోధన 2009లో దాన్ని విప్పింది. చర్మం లవణాలను పీల్చుకోలేక రక్తంలో సోడియం సుమారు 20 శాతం, పొటాషియం సుమారు 50 శాతం పడిపోయి గుండె ఆగిపోతోంది. పొట్టు పొట్టుగా చర్మం ఊడటం, వెనక కాళ్లు చాచి కూర్చోవడం, వెల్లకిలా పడేస్తే వెంటనే తిరగబడలేకపోవడం దీని గుర్తులు. కంటితో తేల్చలేం. పొట్ట, తొడలు, వేళ్ల మధ్య పొరల మీద దూది పుల్లతో రుద్ది, ఫంగస్ డీఎన్ఏను పట్టుకునే పీసీఆర్ పరీక్షకు పంపాలి.

మందుంది. ఇట్రాకొనజోల్ స్నానం రోజుకు 5 నిమిషాలు, 10 లేదా 11 రోజులు. పాత పద్ధతిలో 0.01 శాతం వాడేవారు. దానికి చనిపోయిన కప్పలూ ఉన్నాయి. 0.0025 శాతం కూడా చాలా జాతుల్లో ఫంగస్‌ను తొలగిస్తోందని తేలాక ఇప్పుడు అటే మొగ్గు. 1 శాతం నోటి ద్రావణం నుంచి చేస్తే లీటరు 0.6 శాతం సెలైన్‌కు 2.5 మిల్లీలీటర్లు. ద్రావణం రోజూ కొత్తగా కలపాలి, స్నానం అయ్యాక కప్పను ఆరోజే శుభ్రం చేసిన డబ్బాలోకి మార్చాలి. పాత డబ్బాలోనే వేస్తే పది రోజుల శ్రమా వృథా. తోకకప్పలకు, ఇటీవలే తోక రాలిన పిల్లలకు ఈ మందు ప్రమాదకరం.

కాళ్లు బిగుసుకుని కొట్టుకుంటుంటే కాల్షియం తగ్గి ఉండొచ్చు, విషం తగిలి ఉండొచ్చు. మురికి నీటిలోని అమ్మోనియా, తొట్టి కడిగిన సబ్బు, ప్రయాణంలో అదే డబ్బాలో ఉన్న మరో కప్ప ఒంటి స్రావం, అన్నీ విషాలే. రెండు జాతుల్ని ఒకే డబ్బాలో ఎప్పుడూ తీసుకెళ్లకూడదు. ఏది కారణమో తెలియకపోయినా మొదటి పని ఒకటే. శుభ్రమైన నీళ్లతో ఒళ్లంతా కడిగి, నీళ్లు మార్చి మార్చి కడిగి, ఆ తర్వాతే వైద్యుల దగ్గరికి బయల్దేరాలి.

తిండిలో లోటు తెచ్చిన జబ్బులు

పెంపకం తెలియనివాళ్ల దగ్గర్నుంచి వచ్చిన కప్పల్లో వీటిని తప్పకుండా వెతకాలి. కింది దవడ మెత్తబడి వేలాడటం, నడుము గూని పడటం, కాళ్లు వణకడం ఎముకలు గుల్లబారిన గుర్తులు. కీచురాళ్లలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. కావాల్సింది కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు పాళ్లకు ఫాస్ఫరస్ ఒక పాలు. అందుకే పురుగులకు కాల్షియం పొడి అద్దుతారు. పొడి అద్దిన కీచురాయి కొన్ని గంటల్లోనే ఒళ్లు దులుపుకుని శుభ్రమైపోతుంది. రాత్రి తినే కప్పకు పొద్దున్నే పురుగులు వేస్తే పొడి దానికి అందదు. తెరిచి ఏళ్లు గడిచిన పొడి డబ్బాలో, కాల్షియాన్ని ఒంటికి పట్టించే విటమిన్ డి3 కూడా మిగలదు. ఆరు నెలలకోసారి కొత్తది కొనడం మేలు. ఒంట్లో డి3 తయారవడానికి తోడ్పడే యూవీబీ (అతినీలలోహిత) లైటు గాజు గుండా ప్రసరించదన్నదీ చాలామంది మరిచే విషయం. మెష్ మూత మీద పెట్టాలి, గాజు మూత మీద కాదు.

కప్ప పురుగు మీదికి చక్కగా ఉరికి, నాలుక తగిలించి, పట్టలేక వదిలేస్తుంటే గురి తప్పిందనుకోవద్దు. విటమిన్ ఎ తగ్గితే నాలుక మీది జిగురు గ్రంథులు మొద్దుబారతాయి. ఆకలి ఉంటుంది, వేట ఉంటుంది, నాలుకకు అంటు మాత్రం ఉండదు. రెప్పలు వాచడం దీనికి తోడు. చాలా విటమిన్ పొడుల్లో బీటా కెరోటిన్ మాత్రమే ఉంటుంది. కప్పలు దాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటాయని నమ్మకంగా ఉండలేం. లేబుల్ మీద రెటినాల్ లేదా రెటినైల్ అని, అంటే నేరుగా విటమిన్ ఎ, ఉందో లేదో చూడండి. అలాగని ఎక్కువ వేసినా డి3 పనిని దెబ్బతీస్తుంది.

గాయాలు

మూతి గీసుకుపోవడం ఎక్కువగా చూసే గాయం. రాత్రిళ్లు గాజుకో ఇనుప మెష్‌కో కొట్టుకోవడం వల్ల వస్తుంది. గాయానికి మందు రాసి మెష్‌ను అలాగే ఉంచితే ఎప్పటికీ మానదు. గాజు కింది భాగానికి బయటినుంచి కాగితం అంటించండి, మెష్ బదులు మెత్తని వల వాడండి. గాయాన్ని 0.6 శాతం సెలైన్‌తో కడగాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు ఏవీ వద్దు.

యాంటీబయోటిక్ ఆయింట్‌మెంట్ కొనేటప్పుడు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. నొప్పి తగ్గించే మందు కలిపినది, అంటే పేరు చివర 'కెయిన్' అని వచ్చే పదార్థం ఉన్నది, కప్పకు పూయకూడదు. బెంజోకెయిన్ జెల్‌ను కప్పల ప్రాణం తీయడానికి వాడతారంటే అది ఎంత తేలిగ్గా చర్మంలోంచి పోతుందో ఊహించుకోవచ్చు.

విరిగిన కాలికి ఇంట్లో కట్టు కట్టొద్దు. తడి చర్మం మీద టేపు నిలవదు, ఊడేటప్పుడు చర్మాన్ని కూడా లాగేస్తుంది. ఎక్కడానికేమీ లేని డబ్బాలో ఉంచి ఎక్స్‌రేకు తీసుకెళ్లాలి. అతకడానికి వారాలు పడుతుంది. పిల్లి నోట పడిన కప్పకు పైకి గాయం కనిపించకపోయినా యాంటీబయోటిక్ అవసరమే. కోర పోటు సూదిమొనంత ఉంటుంది, లోపల బ్యాక్టీరియా మిగులుతుంది.

మలద్వారం నుంచి ఎర్రని కండ బయటికి జారితే గంటల మీద పని. ఎండనివ్వకూడదు. సెలైన్‌తో తడిపిన కాగితం మీద ఉంచి వెంటనే తీసుకెళ్లాలి. వాపు తగ్గడానికి చిక్కటి చక్కెర నీటిని ఆ కండకే కొద్దిసేపు తాకిస్తారు, కప్పంతా ముంచరు. లోపలికి నెట్టేసి ఊరుకుంటే మళ్లీ జారుతుంది, ఎందుకంటే పరాన్నజీవులో, మలబద్ధకమో, కాల్షియం లోపమో లోపల అలాగే ఉంది.

తిండి ఎప్పుడు, ఎలా

నీళ్లు పట్టి, ఒళ్లు వెచ్చబడి, చర్మం నిగనిగలాడాక, అంటే కనీసం ఒక రోజు తర్వాత, మెత్తని చిన్న పురుగు ఒకటి రెండు రాత్రిపూట వేసి చూడండి. పొద్దుటికి మిగిలితే తీసేయాలి, ఆకలేసిన కీచురాయి నీరసించిన కప్పనే కొరుకుతుంది. చాలా రోజులు పస్తున్న కప్పకు ఒక్కసారిగా కడుపు నింపకూడదు. తినకపోతే మాంసాహార జీవుల కోసం తయారుచేసిన పొడిని నీళ్లలో కలిపి సిరంజితో ఇస్తారు. బరువులో 1 శాతంతో, అంటే 30 గ్రాముల కప్పకు 0.3 మిల్లీలీటరుతో మొదలుపెడతారు. నోరు తెరవడానికి పలచని మెత్తని ప్లాస్టిక్ ముక్క మొనను పెదవుల పక్కనుంచి జొనిపి, కప్పే నోరు తెరిచేదాకా ఆగాలి. ఎముకలు మెత్తబడిన కప్పకు ఈ పని మీరు చేయొద్దు, దవడ విరిగేది ఇక్కడే.

వేరుగా ఉంచడం, చివరి లెక్కలు

కొత్త కప్పను పాతవాటికి దూరంగా 60 నుంచి 90 రోజులు ఉంచాలి. వేరే గది, వేరే పట్టకార్లు, వేరే గిన్నెలు. రోజూ ముందు ఆరోగ్యంగా ఉన్నవాటి పని, చివర జబ్బువాటి పని. డబ్బాలను ఒక వంతు ఇంటి బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో 10 నిమిషాలు ఉంచి, బాగా కడిగి, డీక్లోరినేటర్ కలిపిన నీళ్లతో మళ్లీ కడిగి ఆరబెట్టాలి. వేడికి తట్టుకునే వస్తువులను 60 డిగ్రీల నీళ్లలో 5 నిమిషాలు ఉంచినా కైట్రిడ్ చస్తుంది. స్నానపు నీళ్లను తోటలోనో కాలువలోనో పారబోయకూడదు. బ్లీచ్ కలిపి కొంతసేపు ఉంచి మురుగులోకి వదలాలి, లేదంటే అక్కడి అడవి కప్పలకు జబ్బును చేతులారా అంటించినట్టే. కోలుకున్న పెంపుడు కప్పను బయట వదలకూడనిదీ అందుకే.

మూడు వారాలుగా బరువు నిలబడి, రాత్రిళ్లు తానే గోడ ఎక్కుతూ, రెండు వారాల తేడాతో చేసిన రెండు మల పరీక్షలు శుభ్రంగా వచ్చి, పీసీఆర్‌లో కైట్రిడ్ లేదని తేలితే పెద్ద తొట్టిలోకి మార్చవచ్చు. మలంలో ఒకటి రెండు పరాన్నజీవుల గుడ్లు కనిపించినంత మాత్రాన మందు వేయాల్సిన పనిలేదు, సంఖ్య పెరుగుతోందా అన్నదే చూడాలి.

బతికే దారి లేని కప్పను ఫ్రీజర్‌లో పెట్టడం నొప్పిలేని చావు అని కొందరంటారు, అది నిజం కాదు. వైద్యుల చేతి మత్తుమందే సరైనది. చనిపోయిన కప్పను పరీక్షకు పంపాలనుకుంటే గడ్డకట్టించకుండా తడి కాగితంలో చుట్టి, కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వీలైతే ఆరోజే చేర్చాలి. కప్ప కణజాలం చాలా త్వరగా కుళ్లిపోతుంది. అదే ఇంట్లో ఇంకో కప్ప ఉంటే దానికి ఏ మందు వాడాలో ఆ పరీక్షే చెబుతుంది.